ఆ జాకెట్టు ముక్క మాత్రం కత్తిరించకు

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. మాది విశాఖపట్నం మర్రిపాలెం, రుషికొండలో ఉద్యోగం. అబ్బాయిది విజయనగరం, హైదరాబాద్‌లో పని చేస్తారు. ప్రధానం అయిపోయింది, వైశాఖంలో పెళ్లి, ఇంకా తొమ్మిది వారాలుంది. పోయిన ఆదివారం పెళ్లి బట్టలకని జగదాంబ వెళ్లాం. ఇద్దరమే వెళ్దామనుకున్నాం, తీరా చూస్తే రెండు వైపులా కలిపి పదకొండు మందిమి తేలాం. పొద్దున పదిన్నరకి వెళితే రాత్రి ఎనిమిదికి బయటపడ్డాం. తలంబ్రాల చీర అత్తవారే పెట్టాలట, 42 వేలు పెట్టి మెరూన్ కంచిపట్టు తీశారు. నాకు అస్సలు నచ్చలేదు. చాలా బరువు, ఆ రంగు నాకు నప్పదు. అందరూ బాగుంది బాగుంది అంటుంటే నేనూ తలూపాను. తర్వాత ఆయన్ని అడిగితే 'అప్పకి నచ్చింది కదా, వదిలెయ్' అన్నారు, అప్ప అంటే వాళ్లక్క. ఇంటికొచ్చి ఏడ్చాను. ఇప్పుడాయన నా రిసెప్షన్ లెహంగాకి మ్యాచింగ్‌గా షేర్వానీ కావాలంటున్నారు, పీటల మీద కూడా అదే వేసుకుంటారట. మా నాన్నగారేమో పట్టుపంచె తప్ప ఒప్పుకోనంటున్నారు. బట్టలకి మా ఇంట్లో అనుకున్నది మూడు లక్షలు, అందులోనే చుట్టాలకి పెట్టే నలభై పెట్టుబడి చీరలు. చీర నచ్చలేదని చెప్పొచ్చా? చెబితే పెళ్లికి ముందే చెడ్డదాన్ని అయిపోతానా?

సమాధానం: చెప్పొచ్చమ్మా. చెప్పాలి కూడా, అదీ ఈ నాలుగైదు రోజుల్లోనే. నీ ఉత్తరం చదవగానే నాకు మొదట పట్టుకున్న కంగారు మీ అత్తగారి గురించి కాదు, ఆ చీరకున్న జాకెట్టు ముక్క గురించి. దాన్ని ఇంకా కత్తిరించలేదు కదా? ఫాల్ వేయించలేదు కదా? కొంగుకి కుచ్చులు కట్టడానికి ఎవరికీ ఇచ్చేయలేదు కదా? వీటిల్లో ఏ ఒక్కటి చేసినా ఆ చీరని వెనక్కి తీసుకోమని ఏ షాపువాళ్లనీ అడగలేవు. ట్యాగు తెంపకుండా, మడత చెడకుండా, బిల్లుతో సహా తీసుకెళితే చాలా షాపుల్లో డబ్బు వెనక్కి ఇవ్వరు గానీ అదే విలువకి ఇంకోటి తీసుకోనిస్తారు. ఎన్ని రోజుల్లోపు అన్నది బిల్లు మీదో వెనకాలో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు అది చదువు. చట్టం సంగతి కూడా చెప్తాను. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకుని డబ్బివ్వను అనడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పు, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల వరకు అడిగే హక్కుంది, వినకపోతే 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. కానీ చీరలో చిరుగో, నేతలో తప్పో ఉంటేనే అది పనికొస్తుంది. రంగు నప్పలేదన్నది లోపం కిందికి రాదు, అక్కడ షాపువాళ్లు ఏమంటే అదే. అందుకే ఈ తొందర.

ఎవరు చెప్పాలంటావా, ఆయనే చెప్పాలి. నువ్వు చెబితే కోడలు చీరకి వంక పెట్టిందంటారు, మీ అమ్మగారు చెబితే అది రెండిళ్ల మధ్య మాటవుతుంది, అదే కొడుకు చెబితే ఇంట్లో మాటగా ఉండిపోతుంది. అయితే అంతకంటే ముందు నువ్వు ఆయనతో దాపరికం లేకుండా మాట్లాడాలి. 'నేనూ తలూపాను' అని నువ్వే రాశావు. పదకొండు మంది మధ్యలో ఒప్పుకున్నట్టు తలూపి, ఆయన మాత్రం నీ మొహం చూసి కనిపెట్టాలని ఆశపడ్డావు, ఆయన కనిపెట్టలేదు. నిజానికి చాలామంది మగపిల్లలు కనిపెట్టలేరు, ముందుముందు నేర్చుకుంటారు, ఇప్పుడు మాత్రం నోటితో చెప్పాల్సిందే. 'అప్పకి నచ్చింది కదా' అన్న మాట నాకూ నచ్చలేదు. కట్టుకునేది నువ్వు, అప్ప కాదు. ఆ మాట నిన్ను ఏడిపించిందని ఆయనకి తెలియాలి, కోపంగా కాదు, ఉన్నది ఉన్నట్టు: 'ఆ రోజు నీ మాటకి నాకు ఏడుపొచ్చింది, చీర కంటే ఎక్కువ అదే బాధపెట్టింది' అని. మెసేజ్‌లో రాయకు. ఫోన్ చెయ్యి, వీలైతే ఆయన శనివారం వచ్చినప్పుడు ఎదురుగా చెప్పు.

ఇక ఆయన వాళ్లమ్మగారితో ఏమనాలి? అబద్ధం ఆడక్కర్లేదు, నిజాలే చాలినన్ని ఉన్నాయి. చీర బరువు, పెళ్లి వైశాఖంలో, మన ఊరి ఉక్కపోతలో హోమం ముందు గంటలకొద్దీ కూర్చోవాలి, ఆ రంగు కూడా తనకంత నప్పట్లేదు, మార్చుకుందాం. ఇంతవరకూ ఎవరైనా చెప్పగలరు. దీనికి తోడు ఇంకో మాట ఉంది, అదే అసలైనది: 'అమ్మా, నువ్వే మళ్లీ రా, నీ చేత్తోనే తీసి ఇవ్వు.' ఆవిడ 42 వేలు తన చేతులతో తీసి కోడలికి పట్టుచీర పెట్టింది, దాంట్లో పరువుంది, మురిపెం కూడా ఉంది. చీర మారినా, పెట్టింది తనే అన్నది మారకూడదు. ఆ ఒక్కటీ నిలబెడితే ఆవిడ రెండు రోజులు మొహం మాడ్చుకున్నా మూడో రోజు ఏ రంగు కావాలో అడుగుతుంది. ఒకవేళ అడగలేదనుకో, అప్పుడు కూడా నువ్వు చెడ్డదానివి కాదు. నీకేం కావాలో నెమ్మదిగా చెప్పిన పిల్లవి.

రెండోసారి జగదాంబ వెళ్లేముందు ఇంకో పని చెయ్యండి. ఇద్దరే, ఒక మంగళవారమో బుధవారమో, ఆయన ఒక రోజు సెలవు పెట్టుకుని రావాలి, షాపులు తీసే వేళకి వెళ్లండి, ఏమీ కొనకండి. నిజంగా ఏమీ కొనకండి, కార్డు ఇంట్లో పెట్టి వెళ్లండి. ఆదివారం అక్కడ బండి పెట్టడానికే అరగంట పడుతుంది, లోపల సేల్స్ అమ్మాయి ఒకేసారి నలుగురికి చూపిస్తుంటుంది, నీకు ఒక్క చీర భుజం మీద వేసి అద్దంలో తీరిగ్గా చూసుకునే వీలుండదు. వారం మధ్యలో పొద్దున్నే అయితే వాళ్లే కుచ్చిళ్లు పెట్టి, కొంగు వేసి, కట్టుకున్నట్టే చూపిస్తారు. నచ్చిన దాన్ని పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి పగటి వెలుతురులో చూడండి, ఆయన్ని ఫోటో తీయమను. షాపు లైట్ల కింద కనిపించిన రంగు బయట వేరేగా అనిపించొచ్చు. పెళ్లి రాత్రిపూట అయితే షాపు లోపల లైటు కింద కూడా ఒక ఫోటో తీయించి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో. ఆ చీర వేసుకుని షాపులో పరుపు మీద బాసింపట్టు వేసుకుని పది నిమిషాలు కూర్చో. బరువు నిలబడితే తెలియదు, కూర్చుని లేస్తే తెలుస్తుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఎక్కడైనా భోజనానికి కూర్చుని డబ్బు మాట్లాడుకోండి, ఎవరు దేనికి పెడుతున్నారు, ఎంతలో, ఏది తగ్గించొచ్చు అని. పెళ్లయ్యాక నెలనెలా చేయాల్సిన లెక్కే ఇది, ఇప్పుడు చేస్తే ఒకరికొకరు ఎలా ఖర్చు పెడతారో చూసుకున్నట్టుంటుంది. ఆయన షేర్వానీకి పాతిక వేలు పెడతానని అనేసి నీ జాకెట్టు మగ్గం వర్క్‌కి ఎనిమిది వేలంటే 'అంతా?' అంటే ఆ మాట అక్కడే తేల్చుకోండి. నువ్వు కూడా అంతే, ఒక్క రిసెప్షన్ కోసం కొనే లెహంగాని మళ్లీ ఎప్పుడు వేసుకుంటావో ఆయన అడిగితే కోపం తెచ్చుకోకు. అన్నట్టు, కుట్టని నేత చీరకి ధర ఎంతయినా జీఎస్టీ 5 శాతమే. కుట్టిన బట్టకి మాత్రం 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి 2,500 రూపాయలు దాటితే 18 శాతం. లెహంగా, షేర్వానీ రెండూ దీని కిందికే వస్తాయి, కాబట్టి చెప్పే రేటులో ట్యాక్స్ కలిపారా లేదా అన్నది బేరం మొదలెట్టకముందే అడగండి.

తర్వాతి శనివారం పెద్దవాళ్లతో వెళ్లండి. నలుగురు చాలు, మీరిద్దరూ, మీ అమ్మగారు, అత్తగారు. అప్పని పిలవకపోతే చిన్నబుచ్చుకుంటారనిపిస్తే ఆవిడతో కలిసి గాజులకో, పెళ్లికూతుర్ని చేసే రోజు చీరకో విడిగా వెళ్లు, ఆవిడకీ నీతో గడిపినట్టుంటుంది. మీరిద్దరూ ముందే మూడు నాలుగు రంగులు, ఒక ధర అనుకుని ఉంటారు కాబట్టి పెద్దవాళ్లు ఆ మూడు నాలుగింటిలో ఎంచితే చాలు. వాళ్లు తీసినట్టూ ఉంటుంది, నీకు నచ్చిందే వస్తుంది. కడుపు నిండా తిని వెళ్లండి. చాలా గొడవలు మధ్యాహ్నం మూడింటికి ఆకలి మీద మొదలవడం నేను చూశాను.

వెళ్లేముందు పురోహితుడికి ఫోన్ చేసి ఏ ఘట్టానికి ఏ చీర, ఎంతసేపు అని అడిగి రాసుకో. కొన్ని ఇళ్లల్లో జీలకర్రా బెల్లం అయ్యాక మధుపర్కాలు కట్టుకొచ్చి మాంగల్యధారణ, తలంబ్రాలు వాటి మీదే కానిచ్చేస్తారు. కొందరు తలంబ్రాలకి మళ్లీ పట్టుచీర మారుస్తారు. మేనమామ పెట్టే చీర ఉంటుంది, గౌరీపూజకి ఒకటి, వ్రతానికి ఒకటి. ఏది అరగంట కడతావో, ఏది నాలుగు గంటలు కడతావో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. ఇంకోటి, తలంబ్రాల బియ్యానికి పసుపు ఉంటుంది, అది పట్టు మీద మరక పడుతుంది. అలాంటి చీర మరీ లేత రంగుదో మరీ ఖరీదైనదో కాకుండా చూసుకో.

పట్టు విషయంలో రెండు మాటలు. సిల్క్ మార్క్ లేబుల్ అడుగు, అది కేంద్ర సిల్క్ బోర్డు తరఫున ఇచ్చే గుర్తు, పట్టు అసలుదని చెబుతుంది. కానీ జరీ గురించి అది ఏమీ చెప్పదు. వెండి తీగకి బంగారు పూత వేసిన జరీ వేరు, రాగి తీగ జరీ వేరు, రంగు దారం మీద మెరుపు వేసింది వేరు, మూడింటికీ ధరలో చాలా తేడా ఉంటుంది. కాబట్టి జరీ ఏదో బిల్లు మీద రాయించు. కొంగు చివర నుంచి ఒక్క పోగు లాగి కాల్చి చూస్తే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసనొచ్చి నుసిగా రాలుతుంది, పాలిస్టర్ కరిగి ముద్దకడుతుంది. ఇది కొన్నాక ఇంటికొచ్చి చేసే పని కాదు, కొనకముందే వాళ్లని అడగాలి, నమ్మకంగా అమ్మేవాళ్లు కాదనరు.

నీకు బరువే కష్టమైతే కంచిపట్టే కావాలని ఏముంది? మన పక్కనే ఉప్పాడ ఉంది. అన్నవరం దాటి పిఠాపురం, అక్కడి నుంచి సముద్రం వైపు వెళితే ఉప్పాడ, కారులో పొద్దున బయల్దేరి రాత్రికి వచ్చేయొచ్చు, దారిలో సత్యనారాయణస్వామి దర్శనం కూడా అవుతుంది. అక్కడ నేసే జమ్దానీ చీరలకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బుటాలన్నీ చేత్తో ఒక్కొక్కటిగా నేస్తారు, వెనక్కి తిప్పి చూసినా దారాలు వేలాడవు, ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. అంత పనితనమున్నా చేతిలో పట్టుకుంటే బరువే ఉండదు. 42 వేలకి అక్కడ చాలా మంచి చీర వస్తుంది. మీ అత్తగారికి 'అన్నవరం వెళ్లొద్దాం' అని చెబితే కాదంటారని నేననుకోను. కాకపోతే షాపువాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వకుండా మార్చుకోమనే అంటే, ఆ విలువకి ఆ జగదాంబ షాపులోనే పెట్టుబడి చీరలు తీసేసుకుని, పెట్టుబడికి మీవాళ్లు దాచిన డబ్బుని అత్తగారి చేతికిచ్చి దాంతో ఉప్పాడ చీర ఆవిడ చేతనే కొనిపించండి. ఈ లెక్క రెండిళ్లకీ ముందే చెప్పి చేయండి.

పెట్టుబడి చీరలు నలభై అన్నావు కాబట్టి చెప్తున్నాను, వాటిని మీ పెళ్లి బట్టలతో కలిపి అస్సలు కొనకండి. నువ్వు ఆ రోజు వెళ్లనే వద్దు. మీ అమ్మగారు, పిన్నిగారు పేర్లు రాసుకుని, ఎవరికి ఏ ధరలో అని మూడు వరసలు వేసుకుని ఒక పూటలో ముగించేస్తారు, వాళ్లకి ఆ లెక్కలు నీకంటే బాగా తెలుసు.

ఇక షేర్వానీ గొడవ. ఇందులో నేను మీ నాన్నగారి వైపే. కారణం చెప్తాను, ఆ అబ్బాయికి నువ్వే చెప్పు. పీటల మీద కూర్చున్నాక మీ నాన్నగారు అల్లుడి కాళ్లు కడుగుతారు, బిగుతు చుడీదార్‌తో ఆ పని ఎలా అవుతుంది? నీ కొంగుకీ ఆయన కండువాకీ బ్రహ్మముడి వేస్తారు, షేర్వానీ మీద వేలాడే దుపట్టా ఆ ముడికి నిలవదు, ఏడడుగులు వేసేటప్పుడు జారిపోతుంటుంది. అన్నిటికంటే ముందు వేడి. అస్తరు వేసిన కోటులో, వైశాఖంలో, హోమగుండం ముందు ఆ అబ్బాయి ఎంత అవస్థ పడతాడో నాకు తెలుసు, నా పెళ్లిలో మావారు కాలరు మూసిన పట్టు కుర్తా వేసుకుని గంటకే తడిసిపోయారు, ఫోటోల్లో ఆయన మొహంలో సంతోషం కంటే ఉక్కపోతే ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి పీటల మీద పంచె, రిసెప్షన్‌కి షేర్వానీ. అక్కడ నీ లెహంగాకి మ్యాచింగ్ అంటే అదొక సరదా, దాన్ని మీ నాన్నగారు కాదనకూడదు. ఒక్క రాత్రికే కాబట్టి అద్దెకి తీసుకున్నా తప్పులేదు, కాకపోతే వేసుకుని చేతులు పైకెత్తి, నేల మీద కూర్చుని చూసుకోమను.

మీ నాన్నగారికి ఒక పని అప్పజెప్పు. అల్లుణ్ణి తీసుకుని ఆయనే పంచెలు కొనిపెట్టాలి. పట్టుపంచె ఎలాగూ ఉంటుంది, దాంతోపాటు పొందూరు ఖద్దరు పంచె ఒకటి. పొందూరు శ్రీకాకుళం వైపే కదా, రైల్లో వెళ్లిరావచ్చు. అక్కడ ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి చేత్తో వడుకుతారు, ఆ పంచె ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. మీ నాన్నగారు ఎందుకంత పట్టుపడుతున్నారో ఆ అబ్బాయికి ఆ రైల్లో వెళ్లేటప్పుడు తెలుస్తుంది, కూతురు అడిగితే చెప్పని మాటలు అల్లుడికి చెబుతారు కొందరు తండ్రులు. పంచె కట్టడం రాదని భయపడుతుంటే పెళ్లికి ముందు నాలుగైదుసార్లు కట్టుకుని ఇంట్లో తిరగమను, నడుముకి బెల్టు పెట్టుకుంటే జారదు.

జాకెట్ల గురించి చెప్పకుండా ఉండలేను. నా పెళ్లికి జాకెట్లన్నీ ఒకే టైలర్‌కి ఇచ్చాం, ముహూర్తం ముందు రోజు రాత్రి తొమ్మిదికి ఇచ్చాడు. ముహూర్తం చీర జాకెట్టు చెయ్యి మోచేతి పైకి ఎక్కలేదు. విప్పి వదులు చేద్దామంటే లోపల గుడ్డే వదల్లేదు. మా అమ్మ రాత్రి పన్నెండింటి దాకా లైటు కింద ఆ కుట్లు విప్పుతూ కూర్చుంది, కళ్లనిండా నీళ్లు, చివరికి వేరే చీర జాకెట్టు వేసుకుని పీటల మీద కూర్చున్నాను. ఆ ఆల్బమ్ ఇప్పటికీ నాకు పూర్తిగా తిప్పబుద్ధి కాదు. అందుకే చెప్తున్నాను, జాకెట్లన్నీ పెళ్లికి రెండు వారాల ముందు నీ ఇంట్లో ఉండాలి, టైలర్‌కి నువ్వు చెప్పే తారీఖు అదే కావాలి. మగ్గం వర్క్ అంటే ముందు కొలతలు తీసి, గుడ్డ మీద గీసి, చట్రానికి బిగించి పని చేశాకే కుట్టేది, పెళ్లిళ్ల సీజన్‌లో మూడు వారాలు అనుకోవాలి. తొమ్మిది వారాల్లో ఒకటి మార్పిడికి పోతుంది, రెండు కొనడానికి, కాబట్టి నాలుగో వారం మొదట్లో గుడ్డ టైలర్ చేతిలో పడాలి. బరువు పని ఒకట్రెండు జాకెట్లకి చాలు, మిగతావి మామూలుగా కుట్టించుకో. లైనింగ్ గుడ్డ నీళ్లలో తడిపి ఆరేశాకే కుట్టమను, లేకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. రెండు పక్కలా, చేతుల్లోనూ లోపల అంగుళం గుడ్డ వదలమని దగ్గరుండి చెప్పు. పెళ్లి హడావుడిలో చాలామంది చిక్కుతారు, కొందరు ఒళ్లు చేస్తారు.

ఇవాళ్టికి నువ్వు చేయాల్సింది ఒకటే. ఆ మెరూన్ చీర ఎక్కడుందో చూడు, ప్లాస్టిక్ కవర్లో ఉంటే తీసి మీ నాన్నగారి పాత కాటన్ పంచెలో చుట్టి బీరువాలో పెట్టు, మన ఊరి చెమ్మకి జరీ నల్లబడుతుంది. బిల్లు దాంతోపాటే పెట్టు, ట్యాగు అలాగే ఉంచు. రాత్రి ఆయన ఆఫీసు నుంచి వచ్చాక ఫోన్ చెయ్యి. మార్పిడికి గడువు ఎన్ని రోజులుందో బిల్లు చూసి ముందే తెలుసుకుని మరీ చెయ్యి.